లారీ లైసెన్స్ కోసం రెండుసార్లు టెస్టుకు పోయిన

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పాశమైలారం సంఘం లీడర్ మాట్లాడినది, 2025-26)



నేను పదో తరగతి దాకా చదువుకున్న. పెద్ద పెద్ద మాటలు రావు. పొదుపు లెక్కలు చెప్పమంటే చెప్తగాని ప్రసంగం చెయ్యమంటే కాళ్లు వణుకుతయి. అయినా అధ్యక్షురాలు అక్క, "నువ్వు లారీ లైసెన్స్ ఎట్ల తెచ్చుకున్నవో ఉన్నది ఉన్నట్టు చెప్పు, రేపు ఇంకొకరికి పనికొస్తది" అన్నది. అందుకే చెప్తున్న. పాసైంది ఒక్కటే చెప్పను. ఫెయిలైంది కూడా చెప్తా. అసలు చెప్పవలసింది అదే.

మా ఆయన లారీ డ్రైవర్. పాశమైలారం కంపెనీల నుంచి అట్ట డబ్బాలు, ప్లాస్టిక్ సరుకు జీడిమెట్లకు, శంషాబాద్ దిక్కు తోలేటోడు. 2022లో సెకండ్ హ్యాండ్‌ల ఆరు చక్రాల లారీ కొనుక్కున్నం. ఫైనాన్స్ కిస్తీ నెలకు 19,000 రూపాయలు. ఓనర్ కమ్ డ్రైవర్ అయిండని మా అత్తమ్మ ఊరంత చెప్పుకున్నది. 2023 దసరా ముందల లోడు మీదికెక్కి పట్టా కప్పి తాడు బిగిస్తుంటే కాలు జారి కింద పడ్డడు. ఎడమ కాలుకు రాడ్ వేసిన్రు. లారీల క్లచ్ తొక్కే కాలు అదే. డాక్టర్ గారు "నడుస్తవు గాని ఆ కాలుతోని బరువు తొక్కుడు ఇగ మర్చిపో" అన్నరు.

మనిషి ఇంట్ల పడ్డడు. లారీ ఇంటి ముందల వేప చెట్టు కింద పడ్డది. కిస్తీ మాత్రం పడకుంట ఆగదు కదా. డ్రైవర్‌ను పెట్టినం. జీతం, బత్తా ఇచ్చి, డీజిల్ పోయించి, కిస్తీ కట్టినంక మిగిలేది ఏం లేదు. మొదటి డ్రైవర్ డీజిల్ లెక్క ఎన్నడు సరిగ్గ చెప్పలే. రెండో డ్రైవర్ పండుగకు ఊరికి పోయి మళ్ల రాలే. నెలన్నర బండి కదలకపోతే బ్యాటరీ కూడా దిగిపోయింది. ఒకనాడు నేను ఆ లారీ కడిగి, క్యాబిన్ ఎక్కి డ్రైవర్ సీట్ల కూర్చున్న. మా ఆయన అరుగు మీద కూర్చుని చూస్తున్నడు. "నేను నేర్చుకుంటే ఎట్లుంటది?" అన్న. ఆయన నవ్వలే. "నీకు కాళ్లు అందుతయా చూడు" అన్నడు. అందినయ్.

అక్కలారా, ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు చెప్తా. 2024 జనవరిల కాగితాలు పట్టుకుని నేరుగా లారీ లైసెన్స్ కావాలని ఆఫీసుకు పోయిన. నా దగ్గర స్కూటీ లైసెన్స్ ఒక్కటే ఉండె. కౌంటర్ కాడ ఉన్నాయన చూసి, "అమ్మా, ముందు కార్ లైసెన్స్ ఉండాలె, అది వచ్చి ఏడాది నిండాలె, అప్పుడే లారీ లెర్నింగ్ ఇస్తరు" అన్నడు. ఇది ఆయన సొంతంగ చెప్పిన మాట కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలనే ఉన్నది. తేలికపాటి వాహనం లైసెన్స్ ఏడాది ఉన్నోళ్లకే రవాణా వాహనం లెర్నింగ్ లైసెన్స్ ఇస్తరు. వయసు 20 నిండి ఉండాలె. ముందే ఎవరన్నా చెప్పి ఉంటే నాకు ఏడాది కలిసి వచ్చేది. మా ఆయన ఇన్నేండ్లు డ్రైవర్, ఆయనకు కూడా యాదికి రాలే. ఎప్పుడో ఇరవై ఏండ్ల కింద తీసుకున్న లైసెన్స్ ఆయనది.

సరే అని కారు నేర్చుకున్న. 2024 ఏప్రిల్‌ల కార్ లైసెన్స్ వచ్చింది. 2025 ఏప్రిల్ దాకా ఆగిన. ఆ ఏడాది లారీని నెలకు పది పదిహేను రోజులు వేరే డ్రైవర్లతోని నడిపించి, నేను పక్క సీట్ల కూర్చుని లోడు లెక్కలు, వే బిల్లులు, కాంటా చీటీలు చూసుకున్న. ఆ ఏడాది ఊరికె పోలే. ఏ కంపెనీ గేటు ఎట్లుంటది, ఇస్నాపూర్ చౌరస్తాల ఏ టైముకు బండి ఇరుక్కుంటది, ముత్తంగి కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎట్ల ఎక్కాలె, అన్ని అప్పుడే చూసిన.

2025 మేల లారీ నేర్చుకోనీకి సంఘంల అప్పు అడిగిన. 25,000 రూపాయలు, పది కిస్తీలు, రూపాయి మిత్తి. మీటింగుల గడబిడ అయింది. బర్రెలకు, కుట్టు మిషన్‌కు, కిరాణా కొట్టుకు అప్పు ఇచ్చినం గాని లారీ నేర్చుకునుడుకు అప్పు ఏంది అని కొందరు అన్నరు. వాళ్లు అన్నది కూడా తప్పేం కాదు. సంఘం పైసలు అందరివి. నేను లీడర్‌ను కాబట్టి నా దరఖాస్తు మీద నేను మాట్లాడకుండ బయట కూర్చున్న. అరగంట తర్వాత పిలిచి తీర్మానం రాసి సంతకాలు పెట్టిన్రు. ఒక్క షరతు పెట్టిన్రు: "కిస్తీ తప్పితే లీడర్ అని చూడం, జరిమానా వేస్తం." ఒప్పుకున్న.

రవాణా లైసెన్స్‌కు డాక్టర్ సర్టిఫికెట్ కావాలె. కండ్లు, రంగులు గుర్తుపట్టుడు, చెవులు, చేతులు కాళ్లు చూసి ఫారం 1ఏ మీద సంతకం పెడ్తరు. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు నేర్పించినమని ఫారం 5 ఇయ్యాలె. లెర్నింగ్ లైసెన్స్ ఆరు నెలలు ఉంటది. ముప్పై రోజులు నిండినంక టెస్టుకు స్లాట్ బుక్ చేసుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు బండికి ముందల వెనకల ఎల్ బోర్డు ఉండాలె, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చుని ఉండాలె.

నేర్పిన మాస్టర్‌కు అరవై ఏండ్లు ఉంటయి. మొదటి రోజు బండి స్టార్ట్ కూడా చెయ్యనియ్యలే. చుట్టూ తిరిగి చూడమన్నడు. టైర్లు, వీల్ నట్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, కింద ఆయిల్ కారుతుందా. "ఇల్లు ఊడ్వకుండ పొయ్యి అంటిస్తవా? ఇది గంతే" అన్నడు. రెండో రోజు స్టార్ట్ చేసి గాలి ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగమన్నడు. కారు బ్రేక్ వేరు, లారీ బ్రేక్ వేరు. లారీ బ్రేక్ గాలితోని పడ్తది. గాలి నిండకముందు బండి కదిలించొద్దు. హ్యాండ్ బ్రేక్ కూడా మనం కార్ల గుంజినట్టు గుంజేది కాదు, చిన్న లివర్. వేస్తే బుస్సుమని గాలి పోతది, లోపల స్ప్రింగ్ వచ్చి చక్రాలను పట్టుకుంటది. గాలి మొత్తం దిగిపోయినా ఆ స్ప్రింగే పట్టుకుంటది. నాకు ఈ ముచ్చట తెలిసినంక ధైర్యం వచ్చింది.

మలుపు తిప్పుడు ఇంకొక కష్టం. కారు తిప్పినట్టు తిప్పితే వెనక చక్రాలు లోపలికి వచ్చి మూల మీద ఉన్నోళ్లను తొక్కుతయి. ముందు చక్రం పోయిన తొవ్వల వెనక చక్రం రాదు. అందుకే వెడల్పుగ తిప్పాలె, ఎడమ అద్దం చూసుకుంట తిప్పాలె. బండి ముందల, ఎడమ పక్క తలుపు కింద నిల్చున్న మనిషి డ్రైవర్‌కు కనపడరు. మీరు స్కూటీ మీద పోయేటప్పుడు, పిల్లలను బడికి తీస్కపోయేటప్పుడు లారీకి ఎడమ పక్క ఆనుకుని పోవద్దు. అద్దంల డ్రైవర్ మొఖం మీకు కనపడకపోతే మీరు కూడా ఆయనకు కనపడరు. ఈ మీటింగ్ నుంచి వేరే ఏం గుర్తుంచుకోకపోయినా ఇది గుర్తుంచుకోండ్రి.

నేర్చుకుంటున్నప్పుడే 2025 జూన్ 30 వచ్చింది. ఆ రోజు పొద్దున మన పాశమైలారం ఫ్యాక్టరీల జరిగిన పేలుడు గురించి నేను మీకు చెప్పేది ఏం లేదు. యాభై మందికి పైగా మనుషులు పోయిన్రు. పొట్ట చేతపట్టుకుని బీహార్, ఒడిశా, యూపీ నుంచి వచ్చినోళ్లు ఎందరో. ఆ టైంల నేను మాస్టర్‌తోని ఇస్నాపూర్ రోడ్డు మీద ఉన్న. వెనక నుంచి అంబులెన్సులు, ఫైరింజన్లు. మాస్టర్ "ఎడమకు జరుపు, ఆపు, హ్యాండ్ బ్రేక్ వెయ్" అన్నడు. ఒకదాని వెనక ఒకటి పోతనే ఉన్నయి. గంట సేపు అట్లనే పక్కకు ఆపుకుని కూర్చున్నం. పెద్ద బండి తొవ్వ మీద అడ్డం ఉంటే ఎవరి పానం పోతదో ఆ రోజు కండ్లతోని చూసిన. ఇంటికి వచ్చి అన్నం తినలే. మా ఆయన "బంద్ చేస్తవా?" అని అడిగిండు. చెయ్యను, మంచిగ నేర్చుకుంటా అన్న.

జూలైల టెస్టు. స్లాట్ పొద్దుగాలది. నాతోని పాటు వచ్చినోళ్లంత మగవాళ్లే. ఒకాయన "అక్కా, కార్ల లైను అటు" అని మర్యాదగనే చెప్పిండు. నేను లారీదే అంటే పక్కకు జరిగి జాగ ఇచ్చిండు. ఎక్కిరించినోళ్లు ఇద్దరు ఉన్నరు గాని అసలు టెస్టు ముందల అది నాకు చెవికెక్కలే.

ఇన్‌స్పెక్టర్ సారు అద్దాలు సరిచేసుకోమన్నరు, సీట్ బెల్ట్ చూసిన్రు. గాలి ముల్లు చూసినంకనే కదిలించిన. గీతల మధ్యల రివర్స్ తీయమన్నరు. మెల్లగ తీసిన, గీత తాకలే. మలుపుల ట్రాక్ కూడా అయింది. తర్వాత ఎత్తు. ఎత్తు మీద సగంల ఆపి, మళ్ల కదలాలె. బండి వెనకకు జారొద్దు. నియమాలల్ల ఇది స్పష్టంగ ఉన్నది: ఎత్తు మీద ఆపి, హ్యాండ్ బ్రేక్, యాక్సిలరేటర్ వాడి, వెనకకు దొర్లకుండ ముందుకు పోవాలె.

ఆపిన. హ్యాండ్ బ్రేక్ వేసిన. ఫస్ట్ గేర్ పడ్డది. వెనక బండ్లు నిలబడ్డయి, అందరు చూస్తున్నరు. తొందర పడ్డ. క్లచ్ పట్టుకోకముందే హ్యాండ్ బ్రేక్ తీసేసిన. బండి వెనకకు జారింది. నాలుగైదు అడుగులు జారిందో ఏమో, నాకైతే బావిల పడ్డట్టు అనిపించింది. బ్రేక్ తొక్కి ఆపిన. ఇంజన్ బంద్ అయింది. సారు కోప్పడలే. "అమ్మా, నీ వెనక మోటార్ సైకిల్ ఉంటే ఏమైతుండె?" అన్నరు. ఫెయిల్ రాసిన్రు. సారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

గేటు బయట ఒకాయన కలిసిండు. "ఎందుకక్కా ఇంత తిప్పల, కొంచెం ఖర్చు పెట్టు, మళ్ల ఎత్తు ఎక్కే పని లేకుండ చూస్తా" అన్నడు. అక్కలారా, అబద్ధం చెప్పను, నాకు ఆశ పుట్టింది. ఆగస్టు కిస్తీ ముందట ఉన్నది. ఫైనాన్స్ వాళ్లు రోజు ఫోన్ చేస్తున్నరు. మా ఆయన కూడ "ఇచ్చేద్దాం, నడుపుడు నీకు వచ్చు కదా" అన్నడు.

ఆ వారం సంఘం మీటింగుల ఈ ముచ్చట బయట పెట్టిన. దాచుకుంటే నిద్ర పట్టలే. కొందరు ఇచ్చెయ్యి అన్నరు, కొందరు వద్దన్నరు. మా సంఘంల ఒక పెద్దక్క ఉన్నది. ఎప్పుడు ఎక్కువ మాట్లాడదు. ఆమె భర్త సైకిల్ మీద షిఫ్టుకు పోతుంటే లారీ కింద పడి చనిపోయిండు. చాలా ఏండ్లయింది. ఆమె అన్నది: "ఆ లారీ తోలినోడు ఎట్ల పాసయిండో నాకు తెల్వదు బిడ్డా. నువ్వైతే నడిపి పాస్ కా." అంతే. ఇంక ఎవరు మాట్లాడలే. నేను పుస్తకంల హాజరు రాసుకుంట తల వంచుకున్న.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్ల పోవచ్చు. మూడుసార్లు ఫెయిలైతే మాత్రం 60 రోజులు ఆగాలె. నేను వెంటనే పోలే. మాస్టర్‌ను బతిమాలుకుని ఒక్క ఎత్తే నేర్చుకున్న. ఖాళీ జాగల ఒక దిబ్బ ఉంటే పొద్దున ఆరింటికి పోయి దాని మీదనే ఆపుడు, ఎక్కుడు. మాస్టర్ చెప్పిన కిటుకు చెప్తా: "కాలుతోని కాదు, చెవితోని నడుపు. క్లచ్ మెల్లగ వదులు. ఇంజన్ చప్పుడు మారుతది, క్యాబిన్ కొంచెం మూలుగుతది. అది బండి నిన్ను పట్టుకున్నట్టు. అప్పుడు హ్యాండ్ బ్రేక్ తియ్యి. ఎవరు హారన్ కొట్టినా నీ టైం నీది." మొదటి రోజు ఇరవైసార్లల్ల సగం జారింది. నాలుగో రోజుకు జారుడు ఆగింది. దిబ్బ ఎక్కేటప్పుడు వెనక చక్రం కింద రాయి పెట్టేటోడు మాస్టర్. ఆఖరి రోజు ఆ రాయి తీసి పక్కకు పారేసిండు.

ఆగస్టుల రెండోసారి పోయిన. మళ్ల అదే ట్రాక్, అదే ఎత్తు. ఆపిన. హ్యాండ్ బ్రేక్ వేసిన. వెనక ఎవరో హారన్ కొట్టిన్రు. నేను పెద్దక్కను యాద్ చేసుకున్న. చప్పుడు మారేదాకా క్లచ్ వదిలిన. క్యాబిన్ మూలిగింది. హ్యాండ్ బ్రేక్ తీసిన. బండి వెనకకు ఒక్క బెత్తెడు కూడ జారలే, ముందుకే పోయింది. పైకి ఎక్కినంక దిగేటప్పుడు గేర్ తగ్గించిన, న్యూట్రల్ వెయ్యలే. సారు కాగితం మీద రాసుకుంట "పోయినసారి వచ్చింది నువ్వే కదమ్మా" అన్నరు. "అవును సార్" అన్న. "మంచిగ నేర్చుకున్నవ్" అన్నరు. నా పదో తరగతి రిజల్టుకు కూడ అంత సంతోషం కాలే.

ఇప్పుడు కొన్ని పనికొచ్చే ముచ్చట్లు. మీ ఇంట్ల ఆడపిల్లలకు, కోడండ్లకు చెప్పండ్రి.

మొదటిది. నడపాలని మనసుల ఉంటే ఇయ్యాలనే కార్ లైసెన్స్‌కు పెట్టుకోండ్రి. ఆ ఏడాది లెక్క మొదలైతది. మొదటిసారి లెర్నింగ్‌కు పోయినోళ్లకు కంప్యూటర్ మీద 20 ప్రశ్నలు వస్తయి, 12 సరిగ్గ చెప్పాలె. తెలుగుల చదివి పెట్టొచ్చు.

రెండోది. అందరికి లారీ లైసెన్స్ అక్కర లేదు. 2024 నవంబర్ 6 నాడు సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపల ఉన్న రవాణా బండ్లను తేలికపాటి వాహనం లైసెన్స్ ఉన్నోళ్లు నడపొచ్చు. అంటే టాటా ఏస్, చిన్న ట్రాలీ బండికి కార్ లైసెన్సే సరిపోతది. ఆర్సీల బరువు చూసుకోండ్రి. మా లారీకి ఆర్సీల 16,200 కిలోలు ఉన్నది. 12,000 దాటితే అది భారీ వాహనం కిందికి వస్తది. లైసెన్స్ లేనోళ్లకు తాళం ఇస్తే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర మన గొంతు పట్టుకుంటది.

మూడోది. రవాణా లైసెన్స్ ఐదేండ్లే ఉంటది, తర్వాత మళ్ల రెన్యువల్. కెమికల్ ట్యాంకర్లు, గ్యాస్ వంటి ప్రమాదకరమైన సరుకు నడపాలంటే వేరే శిక్షణ ఉండాలె, లైసెన్స్ మీద అది వేరే ఎక్కించుకోవాలె. మన బెల్ట్‌ల కెమికల్ లోడు ఎక్కువ, కిరాయి కూడ ఎక్కువ. అయినా ఆ శిక్షణ లేకుండ నేను ఆ లోడు ఎత్తను. జూన్ 30 చూసినంక అస్సలు ఎత్తను.

నాలుగోది. నేర్చుకోనీకి జాగలు ఉన్నయి. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిల ప్రభుత్వం, అశోక్ లేలాండ్ కంపెనీ కలిసి పెట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉన్నది. మన సమాఖ్య నుంచి ఒక ఉత్తరం రాసి, మన ఆడోళ్లను ఒక బ్యాచ్ పంపే తొవ్వ ఉన్నదా అడగాలని ఈ సభల కోరుతున్న.

యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలం తండా ఆడబిడ్డ సరిత 2015ల ఢిల్లీల బస్సు డ్రైవర్ అయింది. 2025 జూన్‌ల మన ఆర్టీసీల మొదటి మహిళా డ్రైవర్‌గ చేరింది. 2025 మార్చి 8 నాడు పరేడ్ గ్రౌండ్స్‌ల మహిళా సమాఖ్యల అద్దె బస్సులు జెండా ఊపి మొదలుపెట్టిన్రు. నారాయణపేటల మన లాంటి మహిళా సమాఖ్యనే పెట్రోల్ బంకు నడుపుతున్నది. బండ్లకు ఓనర్లు అయితున్నం, సంతోషం. కాని ఓనర్‌గ నేను రెండేండ్లు డ్రైవర్ కోసం ఎదురుచూసిన దాన్ని. తాళం మన చేతిల కూడ ఉండాలె.

ఇప్పుడు నా లెక్క చెప్తా. పొద్దున పోయి చీకటి పడేలోపు వచ్చే కిరాయిలే తీసుకుంటున్న. పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల, శంషాబాద్. సిటీ లోపలికి పగటి పూట లారీలకు ఆంక్షలు ఉంటయి కాబట్టి రింగ్ రోడ్డు మీదనే తిరుగుడు. దూరం కిరాయి రాత్రిది, ఒక్కదాన్నే పోను. లోడింగ్ కాడ ఆడోళ్లకు బాత్రూం ఉండదు. నీళ్లు తాగకుండ పోయి ఒకసారి జ్వరం తెచ్చుకున్న. ఇప్పుడు ఏ గేటు కాడ పోనిస్తరో లిస్టు రాసి పెట్టుకున్న. మొదటిసారి ఒక గేటు కాడ సెక్యూరిటీ ఆయన "డ్రైవర్ ఏడి?" అని క్యాబిన్‌ల వెతికిండు. లోపల డాక్‌కు రివర్స్ పెట్టనీకి నాలుగుసార్లు ముందుకు వెనకకు అయిన. హమాలీ అన్నలు నవ్వుకుంటనే "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు" అని చెప్పి పెట్టించిన్రు. ఇప్పుడు రెండుసార్లల్ల పెడ్తున్న.

సంఘం అప్పు పది కిస్తీలల్ల ఎనిమిది కట్టిన. ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలు కట్టలేకపోయిన. తీర్మానం ప్రకారం జరిమానా వేసిన్రు, కట్టిన. పుస్తకంల నా పేరు మీద ఎర్ర సిరాతోని ఉన్నది, ఎవరన్నా చూడొచ్చు. లీడర్‌కు వేసిన్రు కాబట్టి ఇప్పుడు ఎవరు కిస్తీ తప్పుతలేరు, అది కూడ ఒక లాభమే. లారీ ఫైనాన్స్ ఇంక కొన్ని నెలలల్ల తీరిపోతది. మా ఆయన ఇంట్ల కూర్చునే కిరాయిలు మాట్లాడుతున్నడు, లెక్క రాస్తున్నడు. కాలు నొప్పి ఉన్నా పొద్దున నాకంటే ముందు లేచి, టార్చి పట్టుకుని టైర్లు చూసి పెడ్తడు.

మొన్న మా పెద్దక్కను లారీల కూర్చోబెట్టుకుని ఇస్నాపూర్ దాకా తీస్కపోయిన. ఆమె మొదలు ఎక్కనన్నది. ఎక్కినంక ఎడమ అద్దంలనే చూసుకుంట కూర్చున్నది. సైకిల్ మీద ఒకాయన వస్తుంటే "బిడ్డా, సైకిల్" అన్నది. "చూసిన అక్కా" అన్న. బ్రేక్ తొక్కి ఆయనను పోనిచ్చి, తర్వాత తిప్పిన.

ఇంతే నేను చెప్పేది. మా సంఘంల ఇద్దరు చెల్లెండ్లు పోయిన నెల కార్ లెర్నింగ్‌కు దరఖాస్తు పెట్టిన్రు. వాళ్లకు ఏడాది లెక్క మొదలైతది. ఎత్తు మీద బండి ఎక్కించుడు నేను నేర్పిస్తా. దిబ్బ ఎక్కడున్నదో నాకు తెలుసు.